కోడుమూరు అరుగుమీద ఊర్మిళ, ఇటాచి

కర్నూలునుండి నైరృతిదిశగా సుమారు 40 కిలోమీటర్లు పోయినచో కోడుమూరు వచ్చును. పట్టణపు సందడి వెనుకబడినది మొదలు దారికి రెండువైపుల నల్లరేగడి పొలములు, నడుమనడుమ గులకరాతి మిట్టలు, అక్కడక్కడ నొక వేపచెట్టు. ఇంతకుమించి చూపున కడ్డమేమియు లేదు. కోస్తాజిల్లాల పచ్చదనమున కలవాటుపడిన కన్నులకు మొదట నిది బోసిగా దోచును. కొంతసేపు చూచిన పిమ్మట ఈ విశాలతయే యొక యందమని తెలియును. మాఘమాసమున నేను పోయినప్పుడు శనగచేలు పండి పసుపువన్నె తిరిగియుండెను. జొన్నచేలలో పిట్టలను తోలువారి కేకలు బస్సులోనికి వినవచ్చుచుండెను.

ఈ ప్రాంతపు నది హంద్రి. మద్దికెర పొలములలో పుట్టి కర్నూలులో తుంగభద్రను గలియు నీ యేరు సంవత్సరములో నెక్కువకాలము ఇసుకగానే యుండును. అట్టి యేరే 2009 అక్టోబరులో తుంగభద్రతో కూడి కర్నూలు పట్టణమును ముంచివేసినదన్న, చూడనివారు నమ్మజాలరు. కోడుమూరు మండలములోని గోరంట్లయందు హంద్రి యొడ్డుననే లక్ష్మీమాధవస్వామి యాలయము గలదు. కోడుమూరులో చేనేతవారి యిండ్లు పెక్కు గలవు. ఆ వీథులలో నడచుచుండగా మగ్గము చప్పుడు వినబడుచుండును.

వర్షము చాలిన యేట నీ నేల జనమును పోషించును. చాలని యేట వారిని బయటికి పంపును. జిల్లాలోని పడమటి గ్రామములనుండి యేటేట వేలకొలది కూలీలు గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకై పోవుచుందురు. దీనిని ఇచ్చటివారు ‘సుగ్గికి పోవుట’ యందురు. భార్యాభర్తలు మూటముల్లె గట్టుకొని పోదురు; ముసలివారును బడిపిల్లలును ఇంటికడ నుందురు. ఈ సంగతిని పాఠకసోదరీమణులు మనస్సున నుంచుకొనవలెను. నేను చెప్పబోవు ముచ్చటకు దీనితో సంబంధము గలదు.

నేను బసచేసినది మా వదినెగారి పుట్టినిల్లు. సాయంకాలము దీపములు పెట్టిన పిమ్మట ఆ యింటి యరుగుమీద వీథిలోని పిల్లలందఱు చేరుదురు. నడుమ నొక సెల్‌ఫోను, దానిచుట్టు అయిదాఱు తలలు. వారు చూచునవి జపానుదేశపు బొమ్మలకథలు. బొమ్మలు కదలుచు మాటలాడు నీ కథలను ఆనిమే యందురు. అచ్చటి పత్రికలలో మాంగా యనుపేర బొమ్మలతో వెలువడిన కథలే పెక్కు పిమ్మట తెఱమీదికి వచ్చును. మన పిల్లలు వీనిని హిందీలోను, ఇంగ్లీషులోను, ఇటీవల కొన్నిటిని తెలుగులోను చూచుచున్నారు. వీనికితోడు వీడియో గేములు.

కథ చూచుట యరగంట. దానినిగూర్చి వాదించుట గంట. “వీడు నిజముగా చెడ్డవాడా? ఆమె యెందుకు మాటలాడలేదు? ఆ ముసుగులో నున్నదెవరు?” అని ప్రశ్నించుకొని, కథ చెప్పనిదానిని తామే యూహించి, దానికి కథలోనుండియే సాక్ష్యములు తెత్తురు. ఇట్టి యూహకు వారు పెట్టిన పేరు ‘థియరీ’. ఈ గొడవ విని వంటయింటిలోనుండి మా వదినెగారి తల్లి, “చూస్తివా అమ్మా, ఈ పిల్లోళ్ల పిచ్చి! లేని మనుషుల కోసరం కొట్లాడుకుంటారు” అని నవ్విరి. ఆ మాట నాకు మనస్సున నాటుకొన్నది. అది నిజముగా పిచ్చియేనా, లేక దానిలో నేదైన పదార్థమున్నదా యని చూచుటకు నేనును పోయి యరుగుమీద గూర్చుంటిని.

మొదట నెనిమిదేండ్ల బాలుడొకడు తన థియరీని నాకు వినిపించినాడు. పోకెమాన్ అను గేము జపానులో 1996లో మొదట వెలువడినది. అందు క్యూబోన్ అను నొక చిన్నజంతువు చచ్చిపోయిన తన తల్లి పుఱ్ఱెను ముఖమునకు ధరించి తిరుగుచుండును. అదే గేములో కంగాస్‌ఖాన్ అను పెద్దజంతువు కడుపుసంచిలో బిడ్డను మోయుచుండును. ఆ బిడ్డయే తల్లి పోయినపిమ్మట క్యూబోన్ అయినదని యనేకదేశముల యాటగాండ్రు చిరకాలముగా వాదించుచున్నారు. మా బాలుడు రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన నుంచి, “చూడు పెద్దమ్మా, రెండూ ఒకే మాదిరి లేవా?” అని నన్ను న్యాయాధికారిగా కూర్చుండబెట్టినాడు.

ఇట్టి యూహలన్నియు గాలిలో దీపములే యనుకొనరాదు. మసాషి కిషిమోటో రచించిన నరూటో యను మాంగా 1999 మొదలు 2014 వఱకు జపాను వారపత్రికలో ధారావాహికముగా వచ్చినది. అందు టోబి యను ముసుగుమనిషి యెవరన్నది చాలకాలము రహస్యముగా నుండెను. ఆ పేరులోని యక్షరములు తారుమారుగా ‘ఒబిటో’ యను పేరులో నున్నవని చదువరులు కనిపెట్టిరి. ఒబిటో బాల్యముననే మరణించినాడని కథ చెప్పియుండెను. మరణమునకు ముందు తన కన్నొకటి మిత్రునకిచ్చెననియు జెప్పియుండెను. ముసుగునకో, ఒక కంటియొద్దనే రంధ్రము! ఈ రెండును జతచేసి, వాడే వీడని వారు తీర్మానించిరి. 2012లో ముసుగు తొలగినది. చదువరుల మాటయే నిజమైనది. ఇంత శ్రద్ధతో కథ చదువుట పిచ్చియైనచో, అట్టి పిచ్చి మన బడులలో నింకను గొంత యుండిన బాగుండును.

ఐతే ఆనాటి యసలు తగవు ఇటాచినిగూర్చి. ఇతడును నరూటో కథలోనివాడే. ఒక్కరాత్రిలో కన్నవారితోగూడ తన వంశమువారినందఱిని సంహరించి, ససుకే యను తమ్ముని మాత్రము ప్రాణములతో విడిచి యూరు వదలిపోవును. తమ్ముడు అన్నపై పగతో పెరుగును. చాలకాలమునకు వేఱొక సంగతి బయటపడును. వంశమువారు తిరుగుబాటు తలపెట్టగా, యుద్ధము రాకుండుటకై యూరిపెద్దలే యితనిచే నా ఘోరము చేయించిరి. తమ్ముని బ్రదికించుకొనుటకై యితడు నిందనంతయు తలకెత్తుకొనెను. ఇతడు త్యాగియా, పాపియా? ఈ ప్రశ్న జపానునుండి కోడుమూరు వఱకు పిల్లలను నిద్రపోనీయదు.

అరుగుమీది మగపిల్లలందఱు త్యాగి యనిరి. ప్రక్కయింటి పిల్ల యొకతె, పండ్రెండేండ్లది, ఒంటరిగా నెదురు నిలిచినది. “త్యాగం కాదు. తమ్మునికి చెప్పకుండా పోవడం తప్పే” అన్నది.

“చెప్తే తమ్ముడు పోనిస్తాడా?” అని యొక బాలుడు.

“పోనీడు, ఏడుస్తాడు. ఏడిస్తే ఏమి? ఒక దినం ఏడుస్తాడు. చెప్పకుండా పోతే జన్మంతా ఏడవాల.”

దానితో నరుగు నిశ్శబ్దమైనది. కారణము పిల్లలకందఱికి దెలియును; నాకు దెలియదు. అవ్వ నాకు మెల్లగా జెప్పినది. సంక్రాంతి వెళ్లిన నాలుగవనాడు ఆ పిల్ల తలిదండ్రులు గుంటూరికి సుగ్గికి పోయిరి. బండి తెల్లవాఱుజామున వచ్చినది. లేపిన నేడ్చునని, నిద్రించుచున్న పిల్ల నుదుట ముద్దుపెట్టుకొని తల్లి కదలిపోయినది. పిల్ల లేచి చూచుసరికి ఇంటిలో అవ్వ తప్ప నింకెవ్వరును లేరు. నాటినుండి యామె తల్లినిగూర్చి యొక్కమాటయైన నడుగలేదట. ఇటాచినిగూర్చి మాత్రము దినదినము తగవాడుచున్నదట!

ఆ యవ్వకు చదువు రాదు. కాని పెండ్లిండ్లలోను, నోములలోను పాడు రామాయణపుపాటలు కొల్లలుగా వచ్చును. చేటలో శనగలు చెఱుగుచు నంతసేపును విన్న యామె, “మీ యిటాచి సంగతి నాకు తెలియదు గాని, ఊర్మిళ సంగతి తెలుసునా?” అని కథ మొదలుపెట్టినది.

సోదరీమణులలో ననేకులకు నీ కథ పుట్టింటినుండి వచ్చినదే. వాల్మీకి ఊర్మిళ వివాహమును జెప్పి, ఆ తరువాత నామెను దాదాపు మఱచినాడు. లక్ష్మణుడు అడవికి బోవునాడు భార్యకడ సెలవు తీసికొనిన ఘట్టము ఆయన కావ్యమున లేదు. సీత పోయినది, రాముడు పోయినాడు, లక్ష్మణుడు పోయినాడు. ఇంటికడ మిగిలిన యీ చిన్నది పదునాలుగేండ్లు ఏమి చేసినది? ఈ ప్రశ్నను మన స్త్రీలు వేసిరి, సమాధానమును దామే చెప్పుకొనిరి. ఊర్మిళ పదునాలుగేండ్లును నిద్రించినదని వారి పాట. లక్ష్మణుడు తిరిగివచ్చి లేపగా నామె యాతని గుర్తింపదు. పరపురుషుడని తలచి, పరస్త్రీని గోరిన యింద్రుని గతియు, రావణుని గతియు జ్ఞాపకముచేసి మందలించును. విడిచిపోయిన భర్త ఇల్లాలిముందు నిలిచి, తానెవరో చెప్పుకొనవలసివచ్చినది! పండితులు వ్రాయని యీ ఘట్టమును వంటయింటివారు కల్పించిరి. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రకటించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ అను సంపుటమున నిట్టివి చేర్చబడినవి. వీనిలో స్త్రీలు రామకథను తమ కంటితో చూచిన తీరును వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన యొక యాంగ్లవ్యాసమున వివరించిరి. ఓల్గాగారి ‘విముక్త’ కథలలో ఊర్మిళ మరల మాటలాడినది. ఆ సంపుటమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. అనగా మన పిల్లలు థియరీ యనుచున్నది మన యిండ్లలో నెన్నడో యున్నది. పేరొక్కటే క్రొత్తది.

కథ ముగియగానే ఆ పిల్ల యడిగినది: “లక్ష్మణుడు చెప్పి పోయినాడా అవ్వా?”

అవ్వ చేట ప్రక్కన బెట్టి, “ఒక్కొక్కరు ఒక్కొక్క మాదిరి చెప్తారమ్మా. నువ్వేమంటావు?” అన్నది.

పిల్ల కొంచెము తడవు ఆలోచించి, “చెప్పి ఉండడు. చెప్పి ఉంటే ఆమె నిద్రపోదు, ఎదురు చూస్తాది” అన్నది.

నేను రామాయణవ్యాఖ్యానములు కొన్ని చూచియున్నాను గాని యిట్టి మాటను వానిలో చదివినట్లు జ్ఞప్తికి రాదు. ఊర్మిళ నిద్రకు దుఃఖము కారణమని యందఱు నందురు. చెప్పకపోవుట కారణమని యీ పిల్ల యనుచున్నది. చెప్పి పోయినవానికై నిరీక్షింపవచ్చును, దినములు లెక్కింపవచ్చును. చెప్పక పోయినవానికై యేమి చేయవలెను? కన్నులు మూసికొనుట తప్ప మార్గమేమి? జపాను కథలో సహితము, తుదిసారి కలిసికొన్నప్పుడు, మొదటనే తమ్మునికి నిజము చెప్పియుండినచో నంతయు వేఱుగా నుండెడిదని యిటాచియే యొప్పుకొనును. ఈ పిల్ల యా ఘట్టమువఱకు చూచినదో లేదో నేనడుగలేదు. ఆమెకు దానితో నవసరము లేదు.

ఇట్టి యూహలలో నొక రహస్యము గలదు. దానిని తెలుపునదియు నింకొక స్త్రీలపాటయే. ‘లక్ష్మణదేవర నవ్వు’ అని దాని పేరు. పట్టాభిషేకపు నిండుకొలువులో లక్ష్మణుడు పకాలున నవ్వును. సభలోని ప్రతివాడును తన్నుజూచియే నవ్వినాడనుకొనును. అన్న గుట్టు శత్రువులకు జెప్పినందుకని విభీషణుడు, తండ్రిని జంపినవాని కొలువున నున్నందుకని అంగదుడు, పరునియింట నుండి వచ్చినందుకని సీత, ఇట్లు ఎవరి నొప్పి వారికి గుర్తునకు వచ్చి తలలు వాల్తురు. రాముడు కోపించి యడుగగా నసలు సంగతి తెలియును. అడవికి వచ్చిన మొదటిరాత్రి నిద్రాదేవి లక్ష్మణుని సమీపింపగా, పదునాలుగేండ్లు తన్ను విడిచి ఊర్మిళకడకు పొమ్మని యాతడు వేడుకొనెను. గడువు తీఱగానే యామె కొలువునకు వచ్చి నిలిచినది, అందుకా నవ్వు! నవ్వు ఒక్కటి, అర్థములు సభలో నెంతమంది యున్నారో యన్ని. కథాపాత్రమునకు మన మిచ్చు నర్థములో సగము ఆ పాత్రనుగూర్చి, సగము మననుగూర్చి యుండును. ఈ విషయమును పాటకట్టిన యా పేరులేని స్త్రీలు బాగుగా నెఱుగుదురు.

కావున పిల్ల యొక పాత్రనుగూర్చి పట్టుదలగా వాదించినప్పుడు, పాత్రనుమాత్రమే కాక పిల్లనుగూడ వినవలెను. ఆనాటి రాత్రి అవ్వ యదే చేసినది. పిల్ల పండుకొన్న పిమ్మట గుంటూరునకు ఫోను చేయించి కోడలితో మాటలాడినది. నేను విన్నది రెండు మాటలే: “ఈసారి వచ్చి పోయేటప్పుడు పిల్లను లేపి, చెప్పి పోవల్ల. ఏడిస్తే ఏడవనీ.” అవతలివైపునుండి చాలసేపు మాట లేదు. పిమ్మట వెక్కిళ్లు వినబడినవి. తెల్లవాఱి తల్లి మరల ఫోను చేసి, పిల్లతో తానే మాటలాడినది. ఏమి మాటలాడుకొనిరో నేను వినలేదు. పిల్ల ఫోనును చెవికి నదిమిపట్టుకొని పెరటిలోనికి బోయినది.

మఱునాడు మేము కొందఱము పత్తికొండమీదుగా జొన్నగిరి ప్రాంతమునకు బోయితిమి. తొలకరి వానలకు పొలములలో వజ్రములకై జనము వెదకు చోటు ఇదియే. దానికి చేరువనే ఎఱ్ఱగుడికడ బండలపై అశోకుని శాసనములు గలవు. వానిలో నొకదానియందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచును. దుక్కియెద్దు చాలు ముగించి మరలినట్లు కన్నుగూడ మరలవలెను. మాతో వచ్చిన పిల్లలు దీనిని విని, “మాంగా గూడ కుడినుంచే చదవాల!” అని సంతోషించిరి. నిజమే, జపాను బొమ్మలపుస్తకమును కుడిదిక్కునుండియే చదువవలెను.

ఆ బండలకడ నాకొక విచారము కలిగినది. ఏ దిక్కునుండి చదివినను అక్షరములు బండమీద నుండవలెను. లేని యక్షరమును చదువుట వ్యాఖ్యానము కాదు. పిల్లల థియరీలలోను ఈ దోషము గలదు. హయావో మియాజాకి 1988లో తీసిన ‘నా పొరుగువాడు టోటోరో’ యను చిత్రమున నిద్దఱు అక్కచెల్లెండ్రకు అడవిలో టోటోరో యను పెద్ద బొచ్చుజీవి స్నేహము లభించును. ఆసుపత్రిలోనున్న తల్లికై పిల్లలు పడు బెంగయే కథకు ప్రాణము. ఇంత మృదువైన కథకు, ‘చివరి దృశ్యములలో పిల్లలకు నీడలు లేవు, కావున వారు చనిపోయిరి, టోటోరో మృత్యుదేవత’ యని కొందఱు భయంకరార్థమును గల్పించిరి. అది యెంతగా వ్యాపించినదనగా, 2007లో చిత్రమును నిర్మించిన జీబ్లీ సంస్థవారే యది నిజము కాదని ప్రకటింపవలసివచ్చినది. ఊర్మిళపాట కథలోని వెలితిని పూడ్చి యొక మనిషిని మనకు దగ్గఱ చేసినది. ఈ రెండవ రకము యూహ బ్రదికియున్న పిల్లలను కథలోనుండి తొలగించినది. ఈ తేడాను మన పిల్లలకు నేర్పవలెను. నేర్పుట కష్టము కాదు, “ఇది కథలో నెక్కడ నున్నది?” అని యొక్కసారి యడిగిన చాలును.

పరదేశపు బొమ్మలతో మన పిల్లలకేమి పని యని యడుగు పెద్దలును గలరు. వారి కొఱకొక్క విషయము జెప్పెదను. జపానువాడగు యూగో సాకో 1983లో మనదేశమునకు వచ్చి, రామాయణకథపై మక్కువపడి, మన రామ్‌మోహన్‌గారితో గలిసి దానిని ఆనిమేగా తీసెను. 1992లో పూర్తియైన ఆ చిత్రము 2025 జనవరిలో తెలుగుతోసహా మన భాషలలో మన చిత్రశాలలకు వచ్చినది. జపానువారు మన రాముని తమ కుంచెతో దిద్దుకొనగా, కోడుమూరు పిల్లలు వారి యిటాచిని తమ యరుగుమీద విచారించుచున్నారు. ఇచ్చిపుచ్చుకొనుటలో నెవరికిని నష్టము లేదు.

ఫోనునకు కాలపరిమితి యుండవలెను. చదువునకు, నిద్రకు, ఆటకు చోటుండవలెను. పిల్లల వయసునకు దగని హింస గల కథలును వీనిలో గలవు కనుక, ఏది చూచుచున్నారో తల్లి యెఱిగియుండవలెను. ఇది ప్రతి గృహిణికి దెలిసినదే. కాని ఫోను ఆపిన పిమ్మట పిల్లలు చేయు వాదమును మాత్రము ఆపవద్దని నా మనవి. వంట చేయుచునో, కూర తఱుగుచునో, “ఆ మనిషి యట్లెందుకు చేసినాడే? నీకేమి తోచుచున్నది?” అని యొక్కమాట యడిగిచూడుడు. నేరుగా నడిగిన చెప్పని సంగతులను పిల్లలు ఇటాచి పేరనో, ఊర్మిళ పేరనో చెప్పుదురు. పాటలు కట్టిన నాటి మన పెద్దలును తమ మనస్సులోని మాటను ఈ తీరుననే చెప్పుకొనిరి. ఆ పాటలు వచ్చిన యవ్వలు మీ యింట నుండినచో, వారిని బ్రతిమాలియైన నొకటి రెండు నేర్చుకొని, పిల్లలకు వినిపింపుడు. విన్న పిమ్మట వారు వేయు ప్రశ్నలకు తొందరపడి సమాధానము చెప్పక, మొదట వారి సమాధానమును వినుడు.